తాళం పడని చోట మా బస్తీ హాలు కట్టించండి

తెలంగాణ మైనారిటీల సంక్షేమ శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను సిక్కును కాను. అత్తాపూర్ వైపు, మూసీకి దగ్గర్లో ఉన్న ఒక బస్తీలో ఇరవై రెండేళ్లుగా ఉంటున్నాను. మా వీధి చివర చిన్న గురుద్వారా ఉంది. దాని వెనక ఉన్న ఖాళీ జాగాలో బస్తీ అంతా వాడుకునే హాలు ఒకటి ప్రభుత్వ డబ్బుతో కట్టించమని అడుగుతున్నాను.

2020 అక్టోబరు 13 రాత్రి మీకూ గుర్తుండే ఉంటుంది. మా వీధిలోకి నడుము లోతు నీళ్లొచ్చాయి. మా అమ్మకు అప్పుడు 71 ఏళ్లు. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి నేనూ తమ్ముడూ మోసుకుంటూ బయటపడ్డాం. మా బస్తీకి ఒక కమ్యూనిటీ హాలు ఉంది. తాళం వేసి ఉంది. చెవి ఎవరి దగ్గరుందో ఆ రాత్రి ఎవరికీ తెలియలేదు. గురుద్వారా గేటు మాత్రం తీసే ఉంది. అందరికీ ఉచితంగా భోజనం పెట్టే లంగర్ గదిలో జంపఖానాలు పరిచి, వచ్చినవాళ్లందరికీ వేడివేడిగా పప్పు, రొట్టెలు పెట్టారు. నాలుగు రోజులు అక్కడే ఉన్నాం. కానీ ఆ గది ముప్పై మందికి సరిపోయేది, మేం వందకు పైనే ఉన్నాం. బాత్రూంలు రెండే. ఆడవాళ్లు తెల్లవారుజామున మూడింటికే లేచి లైను కట్టేవాళ్లు. అమ్మ మెట్లెక్కలేక కింద చెప్పుల స్టాండు పక్కనే పడుకుంది. సేవ చేస్తున్న సర్దార్ గారు ఆమె పక్కన దుప్పటి పెడుతూ, "పెద్దమ్మా, ఇంతకంటే జాగా లేదమ్మా" అని కళ్లనీళ్లు పెట్టుకున్నారు. ఆ మాట ఇప్పటికీ నన్ను వదలడం లేదు.

ఆయనది మనలాంటి తెలుగే. వాళ్ల పెద్దలు 1830లలో, దివాన్ చందూలాల్ కాలంలో, మహారాజా రంజిత్ సింగ్ పంపిన దండుతో నిజాం కొలువుకు వచ్చి ఇక్కడే ఉండిపోయారు. ఇక్కడి సిక్ ఛావునీకి, అంటే సిక్కుల దండు విడిదికి, ఆ పేరు అలా వచ్చిందే. లంగర్‌లో వరసగా కూర్చోవడాన్ని వాళ్లు పంగత్ అంటారు, మన పల్లెల్లో బంతి అంటాం. రెండూ పంక్తి నుంచి పుట్టిన మాటలే. ఆ బంతిలో మా బస్తీవాళ్లు ఎన్నో ఏళ్లుగా కూర్చుంటున్నారు.

పన్నుల డబ్బు ఒక మతానికి ఎందుకివ్వాలని కొందరు అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. ఏ ఒక్క మతాన్నో పెంచడానికే కేటాయించిన పన్ను కట్టమని ఎవరినీ బలవంతపెట్టకూడదని రాజ్యాంగం 27వ అధికరణం చెబుతుంది. హజ్ సబ్సిడీ మీద వేసిన కేసును 2011లో కొట్టేస్తూ సుప్రీంకోర్టు, పన్ను రాబడిలో పెద్ద భాగం ఒక మతానికి పోతే అప్పుడు ఆ అధికరణాన్ని ఉల్లంఘించినట్టవుతుందని చెప్పింది. నేను అడిగేది అంత దూరం పోదు. గురుద్వారాలో ప్రార్థన జరిగే దర్బార్ హాలుకు ఒక్క రూపాయి వద్దు. దానికి వాళ్ల దస్వంధ్ ఉంది, సంపాదనలో పదో వంతు ఇచ్చుకుంటారు. బస్తీ అంతా వాడుకునే నాలుగు గోడల ఖర్చు కూడా వాళ్ల మీదే వేయడం మాత్రం అన్యాయం.

ఎంపీ నిధుల కోసం తిరిగాం. మత సంస్థల స్థలంలో ఆ నిధులతో పనులు చేయకూడదని నిబంధన ఉందన్నారు, నిజమే. అందుకే మీ శాఖను అడుగుతున్నాను. కేంద్రం, రాష్ట్రం 60:40గా భరించే ప్రధానమంత్రి జన్ వికాస్ కార్యక్రమ్‌లో సద్భావ్ మండపాలు, అంటే అందరూ వాడుకునే కమ్యూనిటీ హాళ్లు, కట్టే వీలుంది. అందులో కుదరకపోతే రాష్ట్ర నిధుల నుంచైనా చూడండి. జాగాను మీ శాఖకు దీర్ఘకాలం లీజుకు రాయించుకోండి, హాలు ప్రభుత్వ ఆస్తిగానే ఉంటుంది.

షరతులు గట్టిగా పెట్టండి. రోడ్డు వైపు వేరే గేటు ఉండాలి, వీల్‌చైర్ వెళ్లే ర్యాంపు ఉండాలి, ఆడవాళ్లకు కనీసం ఆరు బాత్రూంలు కావాలి. బుకింగ్ రిజిస్టరు అందరూ చూసేలా గోడ పక్కన ఉండాలి. నిర్వహణ కమిటీలో బస్తీ ఆడవాళ్లు, పక్క గల్లీ ముస్లిం పెద్దలు కూడా ఉండాలి. ఒక మాట దాచను. గురుద్వారా ఆవరణలో మందు, పొగాకు నడవవు, మాంసం వండనివ్వరు. మటన్ లేని ఫంక్షన్ మా వాళ్లకు కష్టమే. ఈ సంగతి బస్తీలో చాలాసేపు మాట్లాడుకున్నాం. పెళ్లి విందులు వేరేచోట పెట్టుకుంటాం, సీమంతాలకు, పదకొండో రోజు భోజనాలకు, బీపీ షుగర్ క్యాంపులకు, ఇంటర్ పిల్లలు రాత్రిపూట చదువుకోవడానికి ఇది చాలు అనుకున్నాం. ఇంట్లో ఒకటే గది ఉన్న పిల్లలకు పరీక్షల ముందు ఎంత టెన్షనో దగ్గరుండి చూస్తున్నాను.

కట్టి వదిలేస్తే ఇదీ పాత హాలులాగే అవుతుందన్న భయం మాకూ ఉంది. అయితే గురుద్వారాలో తెల్లవారుజాము నుంచి రాత్రి దాకా మనుషులుంటారు. తాళం చెవి కోసం ఎవరినీ వెతకక్కర్లేదు. కరెంటు బిల్లుకు, రిపేర్లకు ఏటా కొంత మంజూరు చేస్తే మిగతాది మేమూ వాళ్లూ చూసుకుంటాం.

వచ్చే వానాకాలం లోపు ఒక ఇంజనీరును పంపి జాగా కొలిపించండి. వీలైతే ఒక ఆదివారం మీరే రండి. అమ్మకు ఇప్పుడు మోకాళ్లు అసలు వంగడం లేదు, గేటు దగ్గర కుర్చీలో కూర్చుని ఉంటుంది. ఆ రాత్రి సంగతి ఆమే మీకు చెబుతుంది.

ఇట్లు,
మూసీ పక్క బస్తీ నివాసి
హైదరాబాద్