ఎంత ఎత్తో కూడా వేయండి

సంపాదకులకు,

కొండల నడక క్లబ్బు వార్తలు మీ పత్రికలో వస్తున్నందుకు సంతోషం. కానీ ప్రతిసారీ శిఖరం మీద గ్రూప్ ఫొటో, వచ్చే ఆదివారం ‘10 కిలోమీటర్ల ట్రెక్’ అని ఒక్క ముక్క, అంతే. కొండదారికి దూరం ఒక్కటే చెబితే ఎలా? 1892లో స్కాట్లండ్ పర్వతారోహకుడు విలియం నైస్మిత్ చెప్పిన లెక్క ఇప్పటికీ వాడుకలో ఉంది: 5 కిలోమీటర్లకు గంట, ఎక్కే ప్రతి 600 మీటర్లకు ఇంకో గంట. అంటే అదే 10 కిలోమీటర్లకు 600 మీటర్ల ఎత్తు తోడైతే 3 గంటలు. అదీ ఎక్కడా ఆగకుండా నడిస్తే! కొత్తవాళ్లు రెండు గంటలేగా అని అర లీటరు సీసాతో వచ్చేస్తారు. సగం దారిలోనే నీళ్లు ఖాళీ, తీసుకెళ్లినవాళ్లకి టెన్షన్. దిగేటప్పుడు మోకాళ్ల సంగతి సరేసరి.

వాన నీటికి దారి కోసుకుపోకుండా సభ్యులు అడ్డంగా రాళ్లు పేర్చి నీటిని పక్కకు మళ్లిస్తారు. ఆ వార్తకూ కాస్త చోటివ్వండి.

– ఓ క్లబ్బు సభ్యురాలు