గద్దర్ పురస్కారాల నిబంధనల్లో ఒక మాట చేర్చండి: సినిమాటోగ్రఫీ శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ రాష్ట్ర సినిమాటోగ్రఫీ శాఖ మంత్రి గారికి,

నమస్కారములు. నేను హైదరాబాదు కృష్ణానగర్‌లో ఉంటూ ఇరవై రెండేళ్లుగా సినిమాల కాస్ట్యూమ్ విభాగంలో పనిచేస్తున్నాను. నంది పురస్కారాలు ఆగిపోయిన చాలా ఏళ్ల తరవాత, 2025 జూన్ 14న హైటెక్స్‌లో ప్రభుత్వం గద్దర్ పేరిట మళ్ళీ సినిమా పురస్కారాలు అందజేసినప్పుడు మా వీధిలో చాలా ఇళ్లలో పనులు మానుకుని టీవీల ముందు కూర్చున్నాం. బతికినంతకాలం పీడితుల పక్షాన గొంతెత్తిన మనిషి పేరు ఆ పురస్కారానికి పెట్టారు. ఆ పేరు మీద ఉన్న గౌరవమే నా చేత ఈ లేఖ రాయిస్తోంది. మహిళలపైన, పిల్లలపైన జరిగిన నేరాల్లో ఛార్జిషీటు ఉన్నవారికి తీర్పు వచ్చేదాకా ఆ పురస్కారం ఇవ్వకూడదన్న మాట నిబంధనల్లో చేర్చమని అడుగుతున్నాను.

కళను కళగా చూడాలి, కళాకారుడి సొంత జీవితంతో మనకేం పని అనే మాట మా పరిశ్రమలో తరచూ వింటుంటాను. ఆ మాటలో నిజం లేదని అనను. అయితే ఆ మాటను ఎవరు, ఎక్కడ, ఎవరి కోసం వాడుతున్నారో చూడమని మిమ్మల్ని కోరుతున్నాను.

నా స్నేహితురాలు ఒకామె గ్రూప్ డాన్సర్. చాలా ఏళ్ల కిందట ఒక పాట షూటింగు జరుగుతుండగా, ఆ పాటతో పేరు తెచ్చుకున్న వ్యక్తి ఆమెను రాత్రివేళ హోటల్ గదికి రమ్మన్నాడు. వెళ్ళనన్నందుకు నాలుగు నెలల పాటు ఆమెకు పని లేకుండా చేశాడు. ఫిర్యాదు ఎవరికి చెయ్యాలో అప్పుడు మాలో ఒక్కరికీ తెలియదు. తరవాత ఒక ప్రైవేటు వేడుకలో అదే పాటకు అతనికి బహుమతి ఇస్తుంటే ఇద్దరం ఆమె ఇంట్లోనే చూస్తున్నాం. అతను వేదిక ఎక్కగానే ఆమె రిమోట్ అందుకుని శబ్దం పూర్తిగా తగ్గించింది, టీవీ మాత్రం కట్టెయ్యలేదు. ఎందుకంటే వెనక తెర మీద పాట నడుస్తోంది, అందులో మూడో వరుసలో ఎడమ నుంచి రెండో మనిషి ఆమె. ఆమె వేసుకున్న పసుపు ఓణీకి అద్దాలు కుట్టింది నేను. ఆ పాటంటే ఇప్పటికీ ఆమెకు ఇష్టమే. ఎండలో పదకొండు రోజులు చేసిన పని అది, అందులో ఆమె చెమట ఉంది. అతని నేరం బయటపడితే ఆ పాటను తీసి పారెయ్యమని ఆమె ఏనాడూ అనలేదు. అతనికి శాలువా కప్పుతున్న చేతులను చూడలేకపోయింది, అంతే.

పాటను ఇష్టపడటం వేరు, మనిషిని సత్కరించడం వేరు అని నాకు ఆ రోజే అర్థమైంది. ఏ పాట వినాలో, ఏ సినిమా చూడాలో ఎవరి మనసు వారిది, అందులో ప్రభుత్వం తలదూర్చాలని నేను అడగను. ఇరవై నాలుగు శాఖల వాళ్ళు కలిసి తీసిన సినిమాను ఒకడి తప్పుకు నిషేధిస్తే శిక్ష మాకే పడుతుంది. కానీ పురస్కారం మనిషి పేరున ఇస్తారు, ప్రజల సొమ్ముతో ఇస్తారు, ముఖ్యమంత్రి చేతుల మీదుగా ఇస్తారు. దాన్ని అందుకున్న మనిషి మర్నాడు సెట్‌కి వచ్చేసరికి అతని మాటకు ఎదురుచెప్పే ధైర్యం అక్కడున్న ఆడపిల్లలకు మరికాస్త తగ్గుతుంది. బయటివారికి కనిపించేది జ్ఞాపిక, మాకు కనిపించేది అతనికి పెరిగిన బలం.

ఇది కొత్త కోరిక కాదు. 2024 అక్టోబరులో, 70వ జాతీయ చలనచిత్ర పురస్కారాల ప్రదానానికి కొద్ది రోజుల ముందు, తెలుగు పరిశ్రమకు చెందిన ఒక నృత్య దర్శకుడిపై పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల చట్టం) కేసు విచారణలో ఉన్నందున కేంద్రం ఆయన పురస్కారాన్ని నిలిపివేసింది. ఆ కేసులో నిజానిజాలు కోర్టు తేల్చాలి, నేను తీర్పు చెప్పబోను. ఇద్దరికి కలిపి ప్రకటించిన ఆ పురస్కారంలో నిలిపివేత ఆయన ఒక్కరికే వర్తించింది, పాటనెవరూ నిషేధించలేదు. అయితే పురస్కారం ప్రకటించింది ఆగస్టులో, కేసు బయటికొచ్చింది సెప్టెంబరులో. ముందే రాసిపెట్టుకున్న నిబంధన ఉంటే ఆ హడావుడి ఉండేది కాదు. ఫ్రాన్స్‌లో 2020లో, మైనరు బాలికపై నేరం చేసినట్టు 1977లో అమెరికా కోర్టులో ఒప్పుకుని, శిక్ష ఖరారు కాకముందే దేశం విడిచి వెళ్ళిపోయిన రోమన్ పొలాన్‌స్కీకి ఉత్తమ దర్శకుడిగా సీజర్ పురస్కారం ప్రకటించినప్పుడు నటి అడెల్ ఎనెల్ సభలోంచి లేచి వెళ్ళిపోయింది. అలా లేచి వెళ్ళగల స్థోమత మా గ్రూప్ డాన్సర్లకు ఎక్కడిది?

కాబట్టి నా విన్నపం ఇది. పురస్కారానికి పరిశీలించే ప్రతి వ్యక్తి నుంచి, మహిళలపైన, పిల్లలపైన జరిగిన నేరాల కేసుల్లో తన మీద ఛార్జిషీటు ఉందో లేదో రాతపూర్వకంగా తీసుకోండి. ఉంటే తీర్పు వచ్చేదాకా ఆ వ్యక్తి పురస్కారాన్ని పక్కన ఉంచండి. నిర్దోషిగా బయటపడితే అదే వేదిక మీద, అంతే గౌరవంతో అందజేయండి, ఎందుకంటే ఆరోపణ వచ్చినంత మాత్రాన నేరం రుజువైపోదు. నేరం రుజువైతే ఆ మనిషికి ఇవ్వకండి. ఆ సినిమాకు పనిచేసిన మిగతావారి అర్హతను మాత్రం ముట్టుకోకండి.

మరొక్కటి, ఇది మరీ ముఖ్యమైనది. మలయాళ సినీరంగంలో మహిళల కష్టాలపై కేరళలో 2017లో ఏర్పాటైన జస్టిస్ హేమ కమిటీలో మన తెనాలి బిడ్డ, నటి శారద గారు సభ్యురాలు. 2019 చివరిలో ఇచ్చిన ఆ నివేదిక 2024 ఆగస్టులో, అదీ కొన్ని భాగాలు తొలగించాక, వెలుగు చూసింది. తెలుగు సినీరంగంలో లైంగిక వేధింపులపై మన రాష్ట్రంలోనూ ఒక ఉపసంఘం పనిచేసి నివేదిక సమర్పించింది. దాన్ని ప్రచురించమని 2024 ఆగస్టులోనే నటి సమంత గారు, తెలుగు సినీరంగ మహిళల బృందం వాయిస్ ఆఫ్ విమెన్ తరఫున, బహిరంగంగా కోరారు. బాధితుల పేర్లు, ఆనవాళ్లు తీసేసి ఆ నివేదిక పూర్తి పాఠాన్ని తెలుగులో ప్రజల ముందు ఉంచండి. ఛార్జిషీటు దాకా రాని బాధలే మా దగ్గర ఎక్కువ, నా స్నేహితురాలిది అలాంటిదే. అలాంటివాటికి పురస్కార నిబంధన ఒక్కటే చాలదు.

ఈ విషయం మాట్లాడటానికి మీరు సమయమిస్తే కాస్ట్యూమ్, మేకప్, డాన్సు విభాగాల నుంచి కొందరం వచ్చి కలుస్తాం. నెలలో రెండో ఆదివారం మాకు షూటింగులుండవు. ఆ రోజైతే కూలి పోతుందన్న భయం లేకుండా ఎక్కువమంది రాగలరు.

భవదీయురాలు,
కృష్ణానగర్ నుంచి ఒక కాస్ట్యూమ్ కార్మికురాలు