కాకతీయ దండుకు ఏనుగులు ఎన్ని?

సంపాదకులకు నమస్కారం,

సెలవుల్లో పిల్లలు ఫోన్లకు అతుక్కుపోతున్నారని మీ పేపర్లో చదివాను. నిజమే. కానీ మా ఇంట్లో ఈ ఎండాకాలం గొడవంతా ఏనుగుల మీదే నడిచింది, అవి కూడా అట్టముక్కల ఏనుగులు, క్యారమ్ బోర్డు మీద.

బల్ల మీద ఆడే యుద్ధాల ఆటలు కొన్ని ఉన్నాయి. ఇంగ్లాండ్‌లో 1990లో వచ్చిన డీబీఏ అనే ఆటలో ఒక్కో సైన్యానికి 12 దళాలే, రెండడుగుల చదరం జాగా చాలు, పాచిక ఎంత పడితే ఆ వంతుకు అన్ని కదలికలే. ఏ రాజు దండులో ఏనుగులెన్ని, గుర్రాలెన్ని, కాల్బలం ఎంత అని చెప్పే పట్టికను ఆర్మీ లిస్ట్ అంటారు. అచ్చులో ఉన్న లిస్టులో వందల ఏండ్ల హిందూ రాజ్యాలన్నిటినీ ఒకే మూట కట్టేశారు. ఖిలా వరంగల్ తోరణాలు చూస్తూ పెరిగినోళ్లకు అది మింగుడు పడుతుందా? అందుకే నేను, మా తమ్ముడి కొడుకు, వాడి దోస్తులిద్దరు కలిసి కాకతీయులకు సొంత లిస్టు రాస్తున్నాం. డీబీఏలో లేకపోయినా పెద్ద ఆటల్లో ఉన్నట్టు ఒక్కో దళానికి పాయింట్లు, అంటే ధర, కూడా కట్టాం.

మొదటి లిస్టు దండగ. ఏనుగులు మరీ చవక పెట్టాం, మనోళ్లు గెలవాలన్న ఆశ, ఇంకేముంది. వరసగా గెలిచారు, బాగానే అనిపించింది, ఎనిమిదో ఆటకల్లా ఎదురు పక్షం, అంటే ఢిల్లీ సుల్తాను దండు, తీసుకుని ఆడటానికి ఒక్కడూ ముందుకు రాలేదు. అప్పుడు నోట్‌బుక్ తీశాం. ఒకసారికి ఒక్క అంకే మార్చడం, అదే ఆట దండ్లు మార్చుకుని మళ్లీ ఆడటం, ఎవరు ఎక్కడ ఓడారో రాసుకోవడం. గుర్రాల ధర పెంచాం, ఎందుకంటే మంచి గుర్రాలు సముద్రం మీద ఓడల్లో రావాల్సిందే కదా. 1310లో ఢిల్లీ దండు ఓరుగల్లును ముట్టడించిన సంగతి గురించి ఢిల్లీ ఆస్థాన కవి అమీర్ ఖుస్రో రాసినదాంట్లో కోటలోంచి రాత్రిపూట గుర్రపు దండు బయటికొచ్చి మీద పడ్డ సంగతి ఉంది. దాన్ని ఆటలోకి తేవడానికే మూడు ఆదివారాలు పట్టింది.

అసలు పరీక్ష మా బావమరిది కరీంనగర్ నుంచి వచ్చినప్పుడు జరిగింది. లిస్టు చేతిలో పెట్టి, ఏమీ చెప్పకుండా ఆడమన్నాం. ఆయన ఏనుగులన్నిటినీ మట్టికోట గోడ మీద నిలబెట్టాడు! ఇదేంది బావా అంటే, "గోడ మీద ఏ దళమైనా నిలవొచ్చని మీరే రాశారు, ఏనుగు దళం కాదా?" అన్నాడు. కాగితం చూస్తే నిజంగానే అట్లనే ఉంది. రాసినోళ్లం మేమే కాబట్టి ఇన్ని ఆటల్లో ఆ వాక్యాన్ని మేం ఒక్కసారి కూడా సరిగ్గా చదవలేదు.

ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, మాకు కొత్త కళ్లు కావాలి, జాగా కావాలి. ఒక గ్రంథాలయంలో ఆదివారం ఖాళీగా ఉండే బల్ల అడిగితే "పత్తాలాటనా సారూ?" అని పంపించేశారు. వాళ్లనేం అంటాం, పాచికలు చూపించింది నేనే. రాజు ఊళ్లిచ్చి బదులుగా దండు అడిగే నాయంకర పద్ధతిలో ఒక్కో నాయకుడు రాజుకు దండు ఎట్లా పంపేవాడో శాసనాలు చదివిన మాస్టర్లు ఎవరైనా మీ ఆదివారం అనుబంధంలో వివరంగా రాస్తే మా లిస్టులో సగం తగాదాలు తెగుతాయి. ఇప్పుడైతే నాయకుడి దళం రాజు మాట వినకపోయే అవకాశం ఎంతుండాలన్న దాని మీద ఇంట్లో రెండు పార్టీలున్నాయి.

ఆడి చూస్తామని ఎవరైనా వస్తే మా ఇల్లు ఉంది, చాయ్ కూడా ఉంటుంది. ఫ్యాన్ మాత్రం వెయ్యం, ఏనుగులు ఎగిరిపోతాయి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ లెక్కల సారు,
హన్మకొండ