లాన్సర్ అంటే అన్నిట్లో ఒకటే ఇంజిన్ కాదండి

ఎడిటర్ గారికి నమస్కారం అండి,

మొన్న ఆదివారం మీ పేపర్లో పాత జపాన్ కార్ల గురించి ఒక పేజీ వేశారు, చాలా సంతోషమేసింది, ఇలాంటివి తెలుగులో రాసేవాళ్లే తక్కువ. కానీ అందులో మిత్సుబిషి లాన్సర్ ఎవల్యూషన్ (మేము ఎవో అంటాం) గురించి రాసిన చోట మూడు తప్పులు పడ్డాయండి. ఆ ఇంజిన్ రేసుల కోసమే పుట్టింది అన్నారు, మొదటి ఎవో నుంచి పదో ఎవో దాకా ఒకటే ఇంజిన్ అన్నారు, మన దేశంలో అమ్మిన లాన్సర్లో కూడా దాదాపు అదే ఉంది అన్నారు. మొదటి రెండూ చదివి సరేలే అనుకున్నా, మూడోది చదివాక ఉండబట్టలేక రాస్తున్నా.

మాది అమలాపురం దగ్గర పల్లెటూరండి. 2003 నుంచి పదకొండేళ్లు షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక గ్యారేజీలో పనిచేశాను, అక్కడ ఎవోలు బాగా వచ్చేవి, వాటిలో ఉండే ఈ 4జీ63 ఇంజిన్లు ఎన్ని విప్పి బిగించానో లెక్క లేదు. ఇప్పుడు ఊళ్లో చిన్న షెడ్డు పెట్టుకున్నాను. అందుకని ఈ ఇంజిన్ గురించి ఎవరన్నా తప్పు రాస్తే మా ఇంట్లో మనిషి గురించి రాసినట్టే ఉంటుంది నాకు.

ముందు పేరు సంగతి. 4 అంటే నాలుగు సిలిండర్లు, జీ అంటే పెట్రోలు, 6 అనేది ఆ కుటుంబం నంబరు, కంపెనీవాళ్లు ఆ కుటుంబానికి సిరియస్ అని పేరు పెట్టారు. మొదట్లో దీన్ని జీ63బీ అనేవాళ్లు. బోరు, అంటే సిలిండర్ వెడల్పు, 85 మిల్లీమీటర్లు, స్ట్రోకు, అంటే పిస్టన్ కదిలే దూరం, 88, మొత్తం 1997 సీసీ. బ్లాకు పోత ఇనుము, పైన హెడ్డు అల్యూమినియం. 1980ల మొదట్లో ఇది వచ్చినప్పుడు ఒకటే క్యామ్ (వాల్వుల్ని తెరిచే షాఫ్ట్), సిలిండర్‌కి రెండు వాల్వులు, మామూలు గెలాంట్ కార్లకీ డెలికా వ్యాన్లకీ వేసేవాళ్లు. ఫోర్క్‌లిఫ్టులక్కూడా ఇదే వచ్చిందండి, షార్జాలో గోడౌన్లలో గ్యాస్ సిలిండర్ మీద నడిచే ఫోర్క్‌లిఫ్ట్ బానెట్ లేపితే 4జీ63 అని కనపడేది, మా కుర్రాళ్లు నమ్మేవాళ్లు కాదు. రేసు కోసం పుట్టిన ఇంజిన్‌ని ఎవరైనా బియ్యం బస్తాలు ఎత్తే బండికి పెడతారా? బరువులు మోయడానికి, రోజంతా ఆగకుండా తిరగడానికి గట్టిగా పోసిన బ్లాక్ అది. ఆ గట్టితనమే తర్వాత టర్బోకి, అంటే పొగ ఊపుతో తిరిగి ఇంజిన్‌లోకి గాలి ఎక్కువ నెట్టే దానికి, పనికొచ్చింది.

టర్బో పెట్టింది కూడా ఎవోతో కాదు, 1981లో వచ్చిన లాన్సర్ ఈఎక్స్ 2000 టర్బోలోనే పెట్టారు. యూరప్‌కి వెళ్లిన ఆ కారుకి 170 హార్స్‌పవర్, ఇంకా ఒకటే క్యామ్. దాని ముందు బంపర్ కింద 2000 టర్బో అనే అక్షరాలు తిరగేసి రాసేవాళ్లు, ముందు వెళ్లేవాడు అద్దంలో చూస్తే సరిగ్గా కనపడేట్టు! తర్వాత స్టారియన్ అనే కారు వచ్చింది, అందులో పవర్ వెనక చక్రాలకి వెళ్తుంది, 1984కి అందులో సిలిండర్‌కి మూడు వాల్వులు పెట్టి 200 హార్స్‌పవర్ తెచ్చారు. అమెరికాలో అమ్మిన స్టారియన్‌ది మాత్రం ఇది కాదు, అది 2.6 లీటర్ల వేరే ఇంజిన్.

అసలు మలుపు 1987లో వచ్చిన గెలాంట్ వీఆర్-4 అండి. రెండు క్యామ్‌లు, 16 వాల్వులు, టర్బో, అది నెట్టే గాలిని చల్లార్చే ఇంటర్‌కూలర్, నాలుగు చక్రాలకీ పవర్, మొదట 205 హార్స్‌పవర్, తర్వాత 240 దాకా పోయింది. 1989లో ఫిన్లాండ్‌లో థౌజండ్ లేక్స్ ర్యాలీ మికాయెల్ ఎరిక్సన్ గెలిచాడు, అదే ఏడు ఇంగ్లండ్ ఆర్ఏసీ ర్యాలీ పెంటి ఐరికాలా గెలిచాడు, ఇద్దరూ నడిపింది ఈ గెలాంటే. అయితే గెలాంట్ పెద్ద కారు, ఇరుకు రోడ్ల మీద ఇబ్బంది, అందుకే అదే ఇంజిన్ తీసి చిన్న లాన్సర్‌లో పెట్టి 1992 అక్టోబర్‌లో మొదటి ఎవో వదిలారు, 250 హార్స్‌పవర్. రెండోది 260, మూడోది 270.

1996లో నాలుగో ఎవో దగ్గర పెద్ద మార్పు చేశారు. ఇంజిన్‌ని అటుది ఇటు తిప్పి బిగించారు, క్యామ్‌ల్ని తిప్పే టైమింగ్ బెల్ట్ ఒక పక్క నుంచి రెండో పక్కకి పోయింది, దాంతో గేర్‌బాక్స్‌లో మధ్యన ఉండే ఒక షాఫ్ట్ అవసరం లేకుండా పోయింది, ఆ రాపిడికి పోయే పవర్ మిగిలింది. టర్బో కూడా ట్విన్ స్క్రోల్ చేశారు, అంటే రెండేసి సిలిండర్ల పొగ విడివిడిగా టర్బైన్ దాకా వస్తుంది, ఒకదాని ఊపు ఇంకోదాన్ని అడ్డుకోదు, అందుకే కింద నుంచే లాగుతుంది. అప్పట్నుంచి జపాన్‌లో అమ్మిన ఎవోలు దాదాపు అన్నిటికీ కాగితం మీద 280 హార్స్‌పవరే, అక్కడి కంపెనీలన్నీ అంతకుమించి చూపించకూడదని మాట అనుకున్నాయి, 2004 దాకా ఆ మాట నడిచింది. అంకె మారలేదని లోపలిది మారలేదని కాదండి, టర్బో పెరిగింది, ఇంటర్‌కూలర్ పెరిగింది, 2005లో తొమ్మిదో ఎవోకి వచ్చేసరికి ఇంటేక్ క్యామ్‌కి మైవెక్ పెట్టారు, వాల్వ్ ఎప్పుడు తెరవాలో స్పీడుని బట్టి మారుతుంది. టామీ మాకినెన్ 1996 నుంచి 1999 దాకా వరసగా నాలుగేళ్లు ప్రపంచ ర్యాలీ ఛాంపియన్ అయ్యింది ఈ ఇంజిన్ ఉన్న లాన్సర్లతోనే, 1998లో కంపెనీకి కూడా టైటిల్ వచ్చింది. ఇంగ్లండ్‌లో 2004లో ఎనిమిదో ఎవోని ఎఫ్‌క్యూ-400 అని 400 హార్స్‌పవర్ పైగా చేసి షోరూంలోనే అమ్మారు, రెండు లీటర్ల ఇంజిన్‌కి అప్పట్లో అది చిన్న మాట కాదు. దానికి సర్వీస్ మాత్రం 4,500 మైళ్లకే చేయించాలి, మన లెక్కలో ఏడు వేల కిలోమీటర్ల చిల్లర.

ఇక పదో ఎవో. అందులో 4జీ63 లేనే లేదు. 2007లో వచ్చిన ఆ కారుకి 4బీ11 అనే కొత్త ఇంజిన్ పెట్టారు, అల్యూమినియం బ్లాకు, బోరూ స్ట్రోకూ రెండూ 86, బెల్ట్ బదులు చెయిన్. 2010లో మన దేశంలో అమ్మిన ఎవో ఇదే. మంచి ఇంజినే, తేలిక కూడా, కానీ అది వేరే మనిషండి, పాతదాని పేరు దానికి అంటించొద్దు.

మీ మూడో తప్పు గురించి ఇప్పుడు చెప్తా, ఎందుకంటే దీనివల్ల డబ్బులు పోతున్నాయి. 1998 నుంచి చెన్నై దగ్గర తిరువళ్లూరులో తయారైన మన లాన్సర్ పెట్రోల్ బండికి వచ్చింది 4జీ15, 1468 సీసీ, ఒకటే క్యామ్. డీజిల్‌కి 4డీ68. తర్వాత వచ్చిన లాన్సర్ సెడియాకి 4జీ94, అది 1999 సీసీ, రెండు లీటర్లు అనేసరికి ఎవో ఇంజిన్ అని ప్రచారం చేసేశారు, కానీ దాని కుటుంబమే వేరు, బోరు వేరు, బ్లాకు వేరు. పోయిన వేసవిలో మా షెడ్డుకి ఒక కుర్రాడు పాత లాన్సర్ తెచ్చాడు, ఇంజినీరింగ్ చదివే పిల్లాడు. బండి అమ్మినవాడు ఇది ఎవో బ్లాకే తమ్ముడూ, టర్బో పెడితే చాలు అని చెప్పి డెబ్బై వేలు ఎక్కువ తీసుకున్నాడంట. నేను గుడ్డ ముక్క మీద కిరోసిన్ పోసి బ్లాకు తుడిచి నంబర్ చూపించా, 4జీ15. ఆ పిల్లాడు చాలాసేపు ఆ నంబర్ వైపే చూస్తూ నిలబడ్డాడు, వాళ్ల నాన్న కౌలు రైతు, ఆ డబ్బు ఎలా వచ్చిందో తర్వాత చెప్పాడు. అందుకే పేపర్లో "దాదాపు అదే" అని ఒక్క ముక్క పడితే ఎంత నష్టమో మీరు ఆలోచించాలండి, పేపర్లో వచ్చిందిగా అని చూపించి అమ్ముతారు. ఇంకోటి, నిజం ఇంజిన్ ఎక్కడ్నుంచో తెచ్చి వేయించినా ఆర్సీలో మార్పించకుండా తిప్పితే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 కింద తప్పు.

ఈ ఇంజిన్ గొప్పదే కానీ దానికి లోపాలు లేవని కాదు, అవి కూడా రాసి ఉండాల్సింది. నాలుగు సిలిండర్ల ఇంజిన్‌కి పుట్టుకతో ఒక వణుకు ఉంటుంది, దాన్ని చంపడానికి మిత్సుబిషి వాళ్లు రెండు బ్యాలెన్స్ షాఫ్టులు పెట్టారు, క్రాంక్ (పిస్టన్లు తిప్పే పెద్ద షాఫ్ట్) ఒక చుట్టు తిరిగితే అవి రెండు చుట్లు తిరుగుతాయి, ఒకటి ఇటు ఒకటి అటు. ఈ ఆలోచనకి పోర్షే వాళ్లు కూడా లైసెన్స్ తీసుకున్నారు. అందులో ఒక షాఫ్ట్‌ని తిప్పేది టైమింగ్ బెల్ట్ వెనకాల ఉండే చిన్న బెల్ట్. అది తెగిందంటే పోయి పెద్ద బెల్ట్‌లో పడుతుంది, పెద్దది పళ్లు జారుతుంది, పిస్టన్లు వాల్వులకి కొడతాయి, పదహారు వాల్వుల్లో ఎన్ని వంగుతాయో దేవుడికే తెలియాలి. రెండు వేళ్ల వెడల్పు కూడా లేని రబ్బరు ముక్క అండి. ఎండ దేశం కాబట్టి మేము పుస్తకంలో రాసినదానికంటే చాలా ముందే రెండు బెల్టులూ, టెన్షనర్‌తో సహా మార్చేసేవాళ్లం.

బెల్ట్ బిగించేటప్పుడు ఇంకో చిక్కు ఉంది, రెండో షాఫ్ట్ ఆయిల్ పంప్‌తో పాటు తిరుగుతుంది, ఆయిల్ పంప్ చక్రం మీద మార్కు సరిగ్గా కలిసినా లోపల షాఫ్ట్ సగం చుట్టు తప్పి ఉండొచ్చు. బ్లాకు పక్కన ఒక బిరడా ఉంటుంది, అది విప్పి 8 మిల్లీమీటర్ల లావు స్క్రూడ్రైవర్ దూర్చాలి, 60 మిల్లీమీటర్ల లోపలికి పోతే షాఫ్ట్ సరిగ్గా ఉన్నట్టు, పాతిక దగ్గర ఆగిపోతే చక్రం ఇంకో చుట్టు తిప్పి మళ్లీ చూడాలి. నా చేతికి పని నేర్పిన కేరళ చేట్టన్ (అన్న) ఆ స్క్రూడ్రైవర్ మీద ఎర్ర పెయింట్‌తో గీత పెట్టుకున్నాడు, ఆ గీత బ్లాకులోకి మునిగితే తప్ప బెల్ట్ ముట్టనిచ్చేవాడు కాదు. నేను ఇండియా వచ్చేటప్పుడు అది నాకే ఇచ్చాడు, ఇప్పటికీ ఉంది.

అమెరికా వెళ్లిన మనవాళ్లు కొందరు పాత మిత్సుబిషి ఎక్లిప్స్ కార్లు కొంటుంటారు కాబట్టి ఇది కూడా రాస్తున్నా. ఇల్లినాయ్‌లో నార్మల్ అనే ఊళ్లో తయారైన ఎక్లిప్స్, టాలన్ కార్లకీ ఈ టర్బో ఇంజినే వేశారు. మొదటి వాటికి ఫ్లైవీల్‌ని (ఇంజిన్ చివర ఉండే బరువు చక్రం) క్రాంక్‌కి పట్టించే బోల్టులు ఆరు, 1992 మధ్యలో ఏడు చేశారు. ఈ ఏడు బోల్టుల వాటిలో, ముఖ్యంగా 1995 నుంచి 1999 దాకా వచ్చిన కార్లలో, క్రాంక్‌ని దాని చోట ఆపే థ్రస్ట్ బేరింగ్ అరిగి క్రాంక్ ముందుకీ వెనక్కీ జరిగే జబ్బు ఉంది. క్లచ్ తొక్కగానే ఇంజిన్ నీరసపడినా, ఆగిపోయినా అనుమానించండి, పుల్లీ పట్టుకుని లాగి ఎంత కదులుతుందో డయల్ గేజ్ పెట్టి చూపించమని మెకానిక్‌ని అడగండి, చూడకుండా డబ్బు కట్టొద్దు.

ఎడిటర్ గారూ, వచ్చే ఆదివారం అదే పేజీలో కనీసం నాలుగు లైన్లు సవరణ వేయండి. మన లాన్సర్ పెట్రోల్ 4జీ15, డీజిల్ 4డీ68, సెడియా 4జీ94, పదో ఎవో 4బీ11, ఈ నాలుగూ 4జీ63 కావు అని. ఆ కుర్రాడికి కూడా చెప్పాను పేపర్‌కి రాస్తున్నానని, వేస్తే ఆ ముక్క కత్తిరించి షెడ్డు గోడకి అంటిస్తా.

ఇట్లు,
ఒక ఇంజిన్ మెకానిక్,
అమలాపురం దగ్గర నుంచి