ఏ పార్టీనో తెలుసుకుని తిట్టండి

సంపాదకుడు గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ విదేశీ పేజీలో స్వీడన్ మీద వచ్చిన వ్యాసం చూసి ఆ రోజే రాద్దామనుకున్నాను. కోపం తగ్గాక రాస్తే కాస్త మర్యాదగా ఉంటుందని ఆగాను. అది తగ్గేలా లేదు కాబట్టి రాసేస్తున్నాను.

ప్రధాని ఉల్ఫ్ క్రిస్టెర్సన్‌ గారి మోడరేట్ పార్టీ ‘వలసల వ్యతిరేకతలోంచి పుట్టింది’ అని రాశారు. మీరు చెబుతున్నది స్వీడన్ డెమోక్రాట్స్ అనే వేరే పార్టీ సంగతి. అది 1988లో పుట్టింది. మోడరేట్ పార్టీ 1904లోనే స్టాక్‌హోమ్‌లో మొదలైంది. 2022 ఎన్నికల తర్వాత మోడరేట్లు ప్రభుత్వంలో ఉంటే స్వీడన్ డెమోక్రాట్స్ బయటినుంచి మద్దతిచ్చారు, అంతే. ఆ మాత్రానికి ఇద్దర్నీ ఒకే గాటన కట్టేస్తారా?

నేను మోడరేట్ పార్టీ వకీలుని కాను. రాజు, సైన్యం, ఆస్తిపాస్తులు ఉన్నవాళ్ల తరఫున మొదలైన పార్టీ అది. 1909లో మగవాళ్లందరికీ ఓటు హక్కు తెచ్చిన ప్రధాని ఆర్విడ్ లిండ్‌మన్ వాళ్ల మనిషే. జనం మీద ప్రేమ పొంగి తేలేదు లెండి, ఓట్ల శాతాన్ని బట్టి సీట్లిచ్చే దామాషా పద్ధతిని కూడా జత చేయించుకుని తమ సీట్లు కొట్టుకుపోకుండా చూసుకున్నాడు. అయితే పార్టీ యువజన విభాగం నాజీల వైపు మొగ్గితే 1934లో తెగతెంపులు చేసుకున్నది కూడా ఆయనే. ఈ ఒక్క విషయం తెలిసినా మీ విలేఖరి ఆ వాక్యం రాసేవాడు కాదు.

1930 తర్వాత ఆ పార్టీకి మళ్లీ ప్రధాని పదవి దక్కింది 1991లో, కార్ల్ బిల్ట్‌తో. అదీ మూడేళ్లే. 2002లో భారీగా పన్నులు తగ్గిస్తామని ఊదరగొట్టి 15 శాతం ఓట్లతో బోర్లాపడ్డారు. అప్పుడొచ్చాడు ఫ్రెడ్రిక్ రైన్‌ఫెల్ట్. కార్మిక చట్టాల జోలికి పోమన్నాడు, ‘కొత్త కార్మికుల పార్టీ’ మాదే అన్నాడు. మరో మూడు పార్టీలతో కూటమి కట్టి 2006లో గెలిచాడు. 2010లో 30 శాతం తెచ్చుకున్నాడు. పన్ను తగ్గించాడు, కానీ పనిచేసేవాళ్లకే. అంతే ఆదాయం ఉన్న పెన్షనరు ఎక్కువ కట్టాల్సి వచ్చింది. నేనూ పెన్షనర్నే, అందుకే ఈ ముక్క బాగా గుర్తుంది.

ఇక మీరు వదిలేసిన అసలు విషయానికొస్తాను. యూరప్ బయటివాళ్లు స్వీడన్‌లో ఉద్యోగం చేసుకోవడాన్ని 2008లో సులువు చేసింది ఈ రైన్‌ఫెల్ట్ ప్రభుత్వమే. మనవాళ్లు ఎంతోమంది ఆ దారినే వెళ్లారు, మావాడితో సహా. శరణార్థుల కోసం మనసు తలుపులు తెరవండని 2014 ఎన్నికలప్పుడు దేశానికి చెప్పిందీ ఆయనే. ఆ ఎన్నికలు ఓడిపోయాడు. మరుసటి ఏడాది లక్షా 60 వేల మందికి పైగా ఆశ్రయం కోరుతూ వచ్చారు, పార్టీ గొంతు మారిపోయింది. స్వీడన్ డెమోక్రాట్స్‌తో కలిసేది లేదని 2018లో చెప్పిన క్రిస్టెర్సన్, 2022లో వాళ్ల మద్దతుతోనే ప్రధాని అయ్యాడు. వాళ్లకు 20 శాతం దాటి వచ్చాయి, ఈయనకు 19. తిట్టాలంటే దీనికి తిట్టండి. పుట్టుకకు కాదు.

వర్క్ పర్మిట్‌కు కావాల్సిన కనీస జీతాన్ని 2023 నవంబరు 1 నుంచి నెలకు 13,000 స్వీడిష్ క్రోనర్ల నుంచి 27,360కి పెంచారు. దెబ్బ పడింది హోటల్ వంటగదుల్లో, క్లీనింగ్ పనుల్లో ఉన్నవాళ్ల మీద. మీరేమో ‘తెలుగు టెకీలు ఇంటికే’ అని హెడ్డింగ్ పెట్టారు. తెల్లారేసరికి ఎదురింటాయన వచ్చి “మాస్టారూ, మీవాణ్ణి పంపించేస్తున్నారటగా?” అన్నాడు. మా ఆవిడ రెండు రోజులు టెన్షన్‌తో సరిగ్గా అన్నం తినలేదు.

2022 ఎన్నికలప్పుడు అక్కడే ఉన్నాను. కూడలిలో పార్టీకో చిన్న చెక్క గది, అందులో ఫ్లాస్కులో కాఫీ, ఇద్దరు ముసలి కార్యకర్తలు. ఎవరైనా వెళ్లి ప్రశ్నలు అడగొచ్చు. మైకు లేదు, బైకు ర్యాలీ లేదు, సీసాలూ లేవు. పార్లమెంటుకు పసుపు బ్యాలెట్, ప్రాంతీయ సభకు నీలం, మున్సిపాలిటీకి తెలుపు. మూడేళ్లుగా అక్కడ నమోదై ఉంటే పౌరసత్వం లేకపోయినా చివరి రెండూ వేయొచ్చు, మావాడు వేశాడు కూడా. ఇక్కడేమో పాతికేళ్లుగా ఒకే ఇంట్లో ఉంటున్న నా పేరు కిందటిసారి ఓటర్ల జాబితాలోంచి ఎగిరిపోయింది. అడిగితే ఫారం నింపమన్నారు. నింపాను, మళ్లీ నింపమన్నారు. సరే, అది వేరే గోల.

మన దగ్గర నాయకుడు కండువా మారుస్తాడు, అక్కడ పార్టీ మొత్తం సిద్ధాంతమే మార్చేసుకుంటుంది. ఏది నయమో మీ సంపాదకీయంలో మీరే తేల్చండి. కానీ తేల్చాలంటే ముందు చదవాలి కదా. ఒకప్పుడు మీ విదేశీ పేజీ చదివి పిల్లలకు క్లాసులో చెప్పేవాణ్ణి. ఇప్పుడు ఆ పేజీ నిండా అమెరికా వీసా, సినిమా వాళ్ల విహారయాత్రలు. మిగిలిన జానెడు చోటులో ఇలాంటి వ్యాసాలు.

సవరణ వేయండి. మొదటి పేజీలో అక్కర్లేదు, రాశిఫలాల కింద వేసినా చాలు. ఎదురింటాయనకు చూపించడానికి నాకో కటింగ్ కావాలి.

— ఒక రిటైర్డ్ సోషల్ మాస్టారు, తెనాలి