దాచాల్సింది దృశ్యాన్నా, విషయాన్నా?

సంపాదకులకు నమస్కారం.

పిల్లలు చెడిపోతున్నారు కాబట్టి వార్తలు, వీడియోలు, సినిమాల మీద సెన్సార్ ఇంకా బిగించాలని మీ పత్రికకు వరుసగా ఉత్తరాలు వస్తున్నాయి. రాసినవాళ్లలో ఎక్కువమంది తల్లిదండ్రులు. వాళ్ల భయం నాకు తెలుసు, నేనూ తల్లినే. కాకపోతే 22 ఏళ్లుగా హైస్కూలు పిల్లలకు సైన్స్ చెబుతున్నాను కూడా. అందుకే ఈ నాలుగు మాటలు రాయాలనిపించింది.

కిందటేడాది మా తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె రొమ్ము క్యాన్సర్ మీద ప్రాజెక్ట్ చేస్తానంది. వాళ్ల పిన్నికి ఆ జబ్బు వచ్చిందట. బడి కంప్యూటర్లో వెతికితే తెర మీద ఎర్రటి అక్షరాలు వచ్చాయి, ఈ పేజీ అసభ్యకరం, తెరవడం కుదరదు అని. పక్కనున్న మగపిల్లలు కిసుక్కున నవ్వారు. ఆ పిల్ల నా దగ్గరికొచ్చి మెల్లగా, "నేనేమైనా తప్పు వెతికానా టీచర్?" అంది. మర్నాటికి టాపిక్ మార్చేసుకుంది. కిరణజన్య సంయోగక్రియ. దానికి ఏ ఫిల్టరూ అడ్డు రాదు కదా.

ఆ ఫిల్టర్ పెట్టినవాళ్లకు దురుద్దేశమేమీ లేదు. పదం చూసి తలుపు మూసేయడం తప్ప దానికి ఇంకేమీ తెలియదు. 1996లో ఇంగ్లాండ్‌లోని స్కంథార్ప్ అనే ఊరి జనం ఏఓఎల్ అనే ఇంటర్నెట్ కంపెనీలో ఖాతా తెరవలేకపోయారు. ఊరి పేరు మధ్యలో ఒక బూతు మాట ఇమిడి ఉందని కంప్యూటర్ ఒప్పుకోలేదు! అది తలుచుకుంటే నవ్వొస్తుంది. మా క్లాసులో జరిగినదానికి మాత్రం నాకు నవ్వు రాలేదు. ఆ పూట ఆ పిల్ల క్యాన్సర్ గురించి ఏమీ నేర్చుకోలేదు. ఆడవాళ్ల ఒంటికి వచ్చే జబ్బు సిగ్గుపడాల్సిన సంగతని మాత్రం నేర్చుకుంది.

సెన్సార్ అన్న ఒక్క మాట కింద మనం రెండు వేరు వేరు పనులను కలిపేస్తున్నాం. ఘోరమైన దృశ్యం చిన్నపిల్లల కంట పడకుండా చూడటం ఒకటి. అసలు ఆ సంగతే ఎత్తకుండా చేయడం ఇంకొకటి. మొదటిదానికి నేను ఒప్పుకుంటాను. ఆరేళ్లవాడికి నెత్తుటి మడుగులో ఉన్న శవాన్ని చూపించి 'నిజం తెలియాలి కదా' అనేవాళ్లతో నాకూ పేచీయే. నా తగువల్లా రెండోదాంతో.

అమెరికాలో కామిక్ పుస్తకాలకు ఏమైందో చూడండి. 1954లో ఫ్రెడరిక్ వర్థామ్ అనే మానసిక వైద్యుడు, పిల్లలు నేరాల వైపు మళ్లడానికి కామిక్స్ కారణమవుతున్నాయని పుస్తకం రాశారు. అదే ఏడాది సెనేట్ ఉపసంఘం విచారణ జరిపింది. ప్రచురణకర్తలు హడలిపోయి, ప్రభుత్వం ఏమీ చేయకముందే తమకు తామే ఒక కోడ్ రాసుకున్నారు. అట్ట మీద ఆ కోడ్ ముద్ర లేని పుస్తకాన్ని చాలామంది పంపిణీదారులు ముట్టేవారు కాదు. పుస్తకం పేరులో 'హారర్' అన్న మాట కూడా ఉండకూడదన్నారు. ఇలా నడుస్తుండగా, మత్తుమందుల ప్రమాదం గురించి పిల్లలకు చెప్పే కథ వేయమని అమెరికా ఆరోగ్య, విద్యా, సంక్షేమ శాఖే మార్వెల్ కామిక్స్ సంపాదకుడు స్టాన్ లీని అడిగింది. ఆయన దాన్ని స్పైడర్‌మాన్ కథలో పెట్టారు. మత్తుమందుల ఊసే రాకూడదు కాబట్టి కోడ్‌వాళ్లు ముద్ర వేయలేదు. వాడొద్దని చెప్పే కథకు కూడా! 1971లో మార్వెల్ ఆ కథ వచ్చిన మూడు సంచికలనూ ముద్ర లేకుండానే అమ్మింది. ఆకాశమేమీ విరిగిపడలేదు. అదే ఏడాది కోడ్‌నే సవరించుకున్నారు. 2011కల్లా దాన్ని పాటించే పెద్ద ప్రచురణకర్తే మిగల్లేదు. ఆ మరుసటి ఏడాది కారల్ టిల్లీ అనే పరిశోధకురాలు వర్థామ్ దాచుకున్న కాగితాలు తిరగేసి, పిల్లలు చెప్పినవాటిని ఆయన తన వాదనకు తగ్గట్టు మార్చి రాశారని బయటపెట్టారు. పిల్లల పేరు చెప్పి ఇంత చేశాం, వాళ్ల మాటే సరిగా వినలేదన్నమాట.

అలాగని ఏ హద్దూ వద్దనడం లేదు. వియన్నా మెట్రోలో 1980ల్లో రైళ్ల కింద పడి చనిపోయేవాళ్లు పెరిగారు. పత్రికలు ఒక్కో ఘటననూ పూసగుచ్చినట్టు రాసేవి. 1987లో అక్కడి ఆత్మహత్యల నివారణ సంఘం, ఎలా రాస్తే ఎవరికి హాని జరుగుతుందో వివరిస్తూ పత్రికలకు సూచనలిచ్చింది. రాసే తీరు మారింది, సంచలనం తగ్గింది. ఆ ఏడాది రెండో సగంలోనే మెట్రోలో ఆత్మహత్యలు బాగా తగ్గాయి. కత్తెర పట్టుకుని ఏ అధికారీ రాలేదు. కారణం చెప్పారు, రాసేవాళ్లు విన్నారు, అంతే. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇప్పుడు విలేకరులకు చెప్పేదీ ఇదే. చనిపోయిన పద్ధతిని వర్ణించొద్దు, సాయం ఎక్కడ దొరుకుతుందో తప్పకుండా రాయండి అని.

ఇప్పటి కుర్రకారు సంగతి ఇంకో రకం. టిక్‌టాక్ లాంటి చోట్ల ఆత్మహత్య అన్న మాట వాడితే వీడియో ఎవరికీ చేరదేమోనన్న అనుమానంతో, ఇంగ్లీషులో మాట్లాడే పిల్లలు దాని బదులు 'అన్‌అలైవ్' (బతికి లేకపోవడం) అనడం మొదలుపెట్టారు. యంత్రాన్ని ఏమార్చడానికి పుట్టిన ఆ మాట ఇప్పుడు మామూలు మాటల్లోకీ వచ్చేసింది. నాకు టెన్షన్ అంతా ఇక్కడే. బతకాలని లేదని ఒక పిల్ల చెప్పుకుంటుంటే, వినాల్సిన పెద్దవాళ్లకు ఆ భాషే తెలియకపోతే ఎలా?

వయసు నిబంధనల గురించి కూడా ఒక మాట. ఆస్ట్రేలియా 2025 డిసెంబర్ 10 నుంచి 16 ఏళ్లలోపు వారికి సోషల్ మీడియా ఖాతాలు ఉండకూడదంది. జరిమానా పిల్లలకు వేయరు, కంపెనీలకు వేస్తారు, 4.95 కోట్ల ఆస్ట్రేలియా డాలర్ల దాకా. పిల్లల నిద్ర మీద బతికే వ్యాపారానికి ముకుతాడు వేస్తే నాకు సంతోషమే. సినిమాలకు భారతదేశం 2023లో యూఏ సర్టిఫికెట్‌ను 7, 13, 16 ఏళ్లుగా విడగొట్టింది. కత్తెర కంటే ఇది నయం. అయితే అంకె ఒక్కటీ వేసి ఊరుకుంటే చాలదు. 13 అని ఎందుకన్నారో రెండు ముక్కల్లో చెబితే, ఇంట్లో పిల్లలతో మాట్లాడటానికి మాకు ఒక దారి దొరుకుతుంది.

1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడికలో సమాచారం వెతుక్కునే హక్కూ ఉంది, హాని చేసే సమాచారం నుంచి కాపాడాలన్న మాటా ఉంది. వాటికంటే ముందు 12వ అధికరణంలో, తమకు సంబంధించిన విషయాల్లో పిల్లల అభిప్రాయం వినాలని ఉంది. ఈ చర్చలో మీరు ఇన్ని ఉత్తరాలు వేశారు, పదిహేనేళ్లవాళ్లు రాసింది ఒక్కటీ లేదు. వాళ్లనూ రాయమనండి. రాసింది మరీ దిద్దకుండా వేయండి.

నేను చేయగలిగింది నేనూ చేస్తున్నాను. ఆ అమ్మాయి ఇప్పుడు పదో తరగతి. మళ్లీ అదే టాపిక్ తీసుకోమన్నాను, సరేనంది. వైద్యానికి సంబంధించిన పేజీలు ఫిల్టర్‌లో తెరిపించమని మా హెడ్‌మాస్టర్ గారికి అర్జీ ఇచ్చి మూడు వారాలైంది. ఇంకా జవాబు రాలేదు.

ఇట్లు,
ఒక సైన్స్ టీచర్