స్పిరిట్‌తో తుడవమని ఎవరు చెప్పారండీ?

అయ్యా,

మూడు వారాల కిందట మీ ఆదివారం అనుబంధంలో అమెరికా తొలినాటి పాప్ పాటల మీద రెండు పేజీల వ్యాసం వేశారు. పాత గ్రామఫోన్ ప్లేట్లను స్పిరిట్‌తో తుడవమని చివర్లో చిట్కా కూడా ఇచ్చారు. ఈపాటికి సవరణ వస్తుందని చూశాను. రాలేదు సరికదా, పోయిన వారం దాన్ని మెచ్చుకుంటూ వచ్చిన ఉత్తరాన్ని పెట్టెకట్టి మరీ వేశారు.

మొదటి వాక్యంలోనే పప్పులో కాలు: అమెరికా పాప్ 1955లో పుట్టిందట. మరి 1892లో చార్లెస్ కె. హారిస్ వేసిన 'ఆఫ్టర్ ది బాల్' స్వరపత్రాలు లక్షల్లో అమ్ముడుపోయాయే, అది భజన కీర్తనా? ఆ రోజుల్లో హిట్టంటే ఇంట్లో పియానో మీద పెట్టుకుని వాయించుకునే ఆ కాగితమే.

ఇక ఆ రంగు పెట్టెలో అంకెలున్నాయి చూడండి, అవి అచ్చంగా కాకి లెక్కలు. ఆర్థర్ కాలిన్స్ పాడిన 'ది ప్రీచర్ అండ్ ది బేర్' 1905లో ఇన్ని వారాలు నంబర్ వన్ అని రాశారు. ఏ పట్టికలో? అమెరికా సంగీత వ్యాపార పత్రిక బిల్‌బోర్డ్ రికార్డుల అమ్మకాల పట్టిక మొదలుపెట్టిందే 1940 జులై 27న. అంతకు ముందరి స్థానాలన్నీ 1986లో ఒక పుస్తకంలో వెనక్కి లెక్కగట్టి పేర్చినవి. పరిశోధకులు ఎప్పుడో తప్పుపట్టారు. పైగా కాలిన్స్ ఆ పాటను ఎడిసన్, విక్టర్, కొలంబియా రికార్డు కంపెనీలకు విడివిడిగా పాడాడు. నంబర్ వన్ అయింది వాటిలో ఏదో మీ వ్యాసకర్తే చెప్పాలి.

రాయాల్సినవేమో రాయలేదు. వర్జీనియాలో పుట్టిన నల్లజాతి గాయకుడు జార్జ్ డబ్ల్యూ. జాన్సన్ 1890ల్లో 'ది లాఫింగ్ సాంగ్'తో దేశమంతా తెలిసినవాడు. అప్పటికి పాటలు రికార్డు చేసే మైనపు సిలిండర్లకు పెద్ద ఎత్తున నకళ్లు తీసే పద్ధతి లేదు. ఎదురుగా మూడు నాలుగు యంత్రాల కొమ్ములు పెడితే, ఒకసారి పాడితే వచ్చేవి ఆ మూడు నాలుగు సిలిండర్లే. మళ్లీ పాడాలి. రోజంతా అదే పాట, తాళం తప్పకుండా అదే నవ్వు. సొంత జాతిని ఎగతాళి చేసే పాటలు కూడా ఆయన చేతే పాడించి, పాడినందుకు కూలి ఇచ్చి పంపేవారు. అచ్చు పోసి నకళ్లు తీసే పద్ధతి 1902 ప్రాంతంలో స్థిరపడ్డాక అన్నిసార్లు పాడించే అవసరం తీరిపోయింది, ఆయనా తెరమరుగయ్యాడు. ఇంత కథకు మీ రెండు పేజీల్లో ఒక్క వాక్యం చోటు లేకపోయింది. నటీమణుల ఫొటోలకు మాత్రం అరపేజీ దొరికింది.

ఆ కాలపు గాయకుడు బిల్లీ ముర్రే ముక్కుతో సాగదీసి పాడతాడని వెక్కిరించారు. 1925లో మైకులు వచ్చేదాకా రికార్డింగంటే రేకు కొమ్ములోకి అరవడమే. మరీ సన్నని ధ్వనులూ మరీ బొంగురు ధ్వనులూ ఆ కొమ్ముకు ఎక్కవు. అందుకే గొంతు ముందుకు తోసి, ప్రతి హల్లూ విసిరినట్టు పలికేవాడు ముర్రే. సాగదీయడం ఆయన పని కాదు, పాట వినమని వ్యాసంలో మీరిచ్చిన క్యూఆర్ కోడ్ పని. ఆ పాట విన్నాను. శ్రుతి దాదాపు మూడు స్వరస్థానాలు కిందికి జారిపోయింది. కారణం ఊహించడం కష్టం కాదు. వేగం సరిచూసే గీతల చక్రాన్ని (ప్లేటు మీద పెట్టి తిప్పితే, వేగం సరిపోయినప్పుడు లైటు మినుకులో గీతలు నిలిచినట్టు కనిపిస్తాయి) ఎవరో అమెరికా సైటు నుంచి దింపుకుని ఉంటారు. అక్కడి కరెంటు సెకనుకు 60 సైకిళ్లు కాబట్టి దాని మీద 92 గీతలుంటాయి. మన కరెంటు 50. ఇక్కడి ట్యూబ్‌లైటు కింద ఆ 92 గీతలు కదలకుండా కనిపించాయంటే, ప్లేటు నిమిషానికి 78 కాదు, 65 చుట్లే తిరుగుతున్నట్టు! మనకు కావాల్సింది 77 గీతల చక్రం. అదీ పాత చోకు ట్యూబ్‌లైటు కింద చూడాలి, ఎల్ఈడీ కింద చాలాసార్లు పనిచేయదు. అసలు 78 అనేది కూడా అందరూ పాటించిన వేగం కాదు. కొలంబియా ప్లేట్లు చాలావరకు 80, ఎడిసన్ డైమండ్ డిస్క్ 80.

అన్నిటికన్నా ఘోరం చివర్లో ఇచ్చిన చిట్కా. పాత ప్లేట్లను స్పిరిట్‌తో తుడిచి మామూలు ఎల్పీ ప్లేయర్ మీద పెట్టుకోమన్నారు. ఆ ప్లేట్ల బిగువంతా మన దేశం నుంచి వెళ్లిన లక్కది. లక్క స్పిరిట్‌లో కరుగుతుందని తలుపులకు పాలిష్ పెట్టే వడ్రంగిని అడిగినా చెబుతాడు, వాళ్లు కరిగించేదే స్పిరిట్‌లో. తుడవాలంటే లీటరు డిస్టిల్డ్ వాటర్‌లో గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు చాలు. మెత్తని బ్రష్‌తో గాడి వెంబడే తుడవాలి, లేబుల్ తడవకూడదు, వెంటనే ఒత్తి నిలబెట్టి ఆరబెట్టాలి. ఎడిసన్ డిస్కుకైతే నీళ్లే వద్దు, లోపలి దిమ్మ ఉబ్బి పై పూత లేస్తుంది. దాని గాడి పక్కలకు కాకుండా లోతుకు చెక్కింది. ఉక్కు ముల్లు పెడితే పాట రాదు, గాడి మాత్రం పోతుంది.

ఎల్పీ ముల్లు మొన అంగుళంలో వెయ్యో వంతు కూడా ఉండదు, అందులో 0.7 మాత్రమే. లక్క ప్లేటుకు కావాల్సింది అలాంటి వెయ్యో వంతులు 3. సన్న ముల్లు గాడి అడుగుకు దిగి అక్కడి మట్టిని గీకుతుంది, మీరు విన్న చర్రు అదే. కీ ఇచ్చే గ్రామఫోనైతే వైపుకొక కొత్త ఉక్కు ముల్లు వేయాల్సిందే. ఫోనో యాంప్లిఫయర్‌లో సన్నని, బొంగురు ధ్వనుల పాళ్లు సరిచేసే ఆర్ఐఏఏ దిద్దుబాటు 1954 నాటిది. కొమ్ము కాలపు పాటను దాని గుండా పంపితే దుప్పట్లోంచి పాడినట్టుంటుంది.

ఈ పాటలు జనం మరిచిపోయారని తేల్చేశారు. జనాన్ని మరవనిచ్చింది ఎవరు? రెండో ప్రపంచ యుద్ధకాలంలో లక్క కరువై, అమెరికాలో చాలా కొట్లలో పాత ప్లేటు తెస్తేనే కొత్తది ఇచ్చేవారు, పాతవి కరిగించేశారు. మిగిలినవాటికి చట్టం తాళం వేసింది. 1922 దాకా వచ్చిన రికార్డింగులన్నీ అక్కడ హక్కుల చెర వదిలింది 2022 జనవరి 1న. స్వరపత్రం ఎప్పుడో అందరిదైంది, అదే పాట పాడిన గొంతు మాత్రం నూరేళ్లు దాటినా అప్పటిదాకా అందరిదీ కాలేదు. అదీ 2018లో చట్టం మార్చారు గనక, లేకపోతే 2067 దాకా ఆగాల్సిందే. మన దగ్గర చట్టం అంత అడ్డం లేదు, అయినా సర్కారీ బీరువాల్లో ప్లేట్లు ఒకదాని మీద ఒకటి పడుకోబెట్టి దొంతర పేర్చేస్తారు. బరువుకి వంగిపోయాక డిజిటైజేషన్‌కి టెండర్ పిలుస్తారు. టెండర్‌లో స్కానర్లు, కుర్చీలు, ఏసీలు ఉంటాయి, ముల్లు ఉండదు.

సవరణ వేసే ఉద్దేశం ఉంటే అదే అనుబంధంలో, అదే సైజు అక్షరాల్లో వేయండి. పెళ్లి ప్రకటనల కింద కాదు. అంకెల గొడవ తర్వాత చూసుకోవచ్చు, ముందు ఆ స్పిరిట్ ముక్క సరిచేయండి. ఈ ఆదివారం ఎవరో సీసా మూత తీస్తారు.

— ఒక పాత చందాదారు, కాకినాడ